బుద్ధికి కొలబద్ద

మా ఊరి బడిలో ఐదో తరగతి గదికి రెండు వరుసలుండేవి. కిటికీ వైపు వరుస చదివేవాళ్ళది. గోడ వైపు వరుస మట్టిబుర్రలది. ఆ పేరు పెట్టినది మా పంతులుగారే. ఆయన చెడ్డవారు కారు. ఎవరినీ ఒళ్ళు హూనమయ్యేలా కొట్టిన పాపాన పోలేదు. కాని పుట్టుకతో రానిది పుస్తకంతో వస్తుందా అని ఆయన గట్టిగా నమ్మేవారు. అందుచేత గోడ వైపు వరుసను ప్రశ్నలడిగేవారు కారు. ఆ వరుసలో నా స్నేహితుడొకడు ఉండేవాడు. వాడు ఆరో తరగతికి రాలేదు. వాడు నిజంగా మట్టిబుర్రే కనుక ప్రశ్నలడగలేదా, ప్రశ్నలడగలేదు కనుక మట్టిబుర్రగా మిగిలాడా అన్న సందేహం నన్ను చాలాకాలం వెంటాడింది. ఆ సందేహంతో పుస్తకాలు తిరగేస్తే తెలిసినదేమిటంటే, ఇదే ప్రశ్న మీద నూటయాభై ఏళ్ళుగా పెద్ద యుద్ధమే నడుస్తున్నది. అందులో చట్టాలు పుట్టాయి, న్యాయస్థానాలు తీర్పులిచ్చాయి, వేలమంది జీవితాలు తారుమారయ్యాయి. ఆ కథలో నాకు అన్నిటికంటే విచిత్రంగా తోచినది ఒక ఫ్రెంచి శాస్త్రవేత్తకు జరిగిన అన్యాయం. బుద్ధి పెరుగుతుందని నిరూపించడానికి ఆయన తయారుచేసిన పనిముట్టునే, బుద్ధి పెరగదని చెప్పడానికి ఇతరులు వాడుకున్నారు.

కథ ఇంగ్లండులో మొదలవుతుంది. ఛార్లెస్ డార్విన్‌కు దగ్గరి బంధువైన ఫ్రాన్సిస్ గాల్టన్ 1869లో ప్రతిభ వంశపారంపర్యమని వాదిస్తూ ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. న్యాయమూర్తుల, సేనానుల, కవుల, శాస్త్రవేత్తల వంశవృక్షాలను పరిశీలించి, గొప్పవారి బంధువుల్లో గొప్పవారు ఎక్కువగా కనబడుతున్నారు కనుక ప్రతిభ రక్తంలోనే ఉందని తేల్చాడు. న్యాయమూర్తి కొడుకుకు తండ్రి రక్తంతోపాటు తండ్రి గ్రంథాలయం, తండ్రి పలుకుబడి, తండ్రి స్నేహితుల సిఫారసు కూడా సంక్రమిస్తాయన్న సంగతికి ఆయన తగినంత విలువ ఇవ్వలేదు. 1883లో మేలైన వంశాలను పెంచాలనే శాస్త్రానికి యూజెనిక్స్ అని పేరు పెట్టినదీ ఆయనే. మరుసటి ఏడు లండన్ ప్రదర్శనలో ఒక ప్రయోగశాల తెరిచి, మూడు పెన్నీలు పుచ్చుకొని తొమ్మిది వేలమందికి పైగా జనానికి చూపు, వినికిడి, పిడికిలి బలం మొదలైనవి కొలిచాడు. ఇంద్రియాలు చురుకుగా ఉంటే బుద్ధి కూడా చురుకుగా ఉంటుందని ఆయన ఆశ. కొలతలైతే గుట్టలుగా పోగుపడ్డాయి గాని బుద్ధి మాత్రం వాటికి చిక్కలేదు.

ఆల్‌ఫ్రెడ్ బినే 1857లో నీస్ నగరంలో పుట్టాడు. న్యాయశాస్త్రం చదివి, అది రుచించక, పారిస్ జాతీయ గ్రంథాలయంలో కూర్చుని మనస్తత్వశాస్త్రం స్వయంగా నేర్చుకున్నాడు. యౌవనంలో ఆయనకు తగిలిన ఒక దెబ్బను ఇక్కడ చెప్పుకోవాలి. ప్రసిద్ధ వైద్యుడు షార్కో వద్ద పనిచేస్తూ, హిప్నాటిజంలో ఉన్న రోగుల లక్షణాలను అయస్కాంతంతో శరీరంలో ఒక పక్కనుండి మరో పక్కకు మార్చవచ్చునని బినే ప్రకటించాడు. రోగుల ఎదుటే ప్రయోగాన్ని చర్చించుకుంటూ ఉంటే రోగులు వారికి కావలసినట్లే ప్రవర్తించారని బెల్జియం దేశస్థుడైన డెల్‌బెఫ్ బయటపెట్టాడు. బినే నలుగురిలో తలవంచుకోవలసి వచ్చింది. పరీక్షించేవాడి మనసులోని కోరిక పరీక్ష ఫలితంలోకి ఎలా దూరుతుందో ఆయనకు జీవితాంతం గుర్తుండిపోయింది.

తరువాత ఆయన కొన్నాళ్ళు తలలు కొలిచాడు. పెద్ద తలలో పెద్ద బుద్ధి ఉంటుందనేది అప్పటి ఫ్రాన్సులో శాస్త్రవేత్తల నమ్మకం. బడులకు వెళ్ళి, ఉపాధ్యాయులు తెలివైనవారని, మందమతులని చెప్పిన పిల్లల తలలు కొలిస్తే తేడా ఒక మిల్లీమీటరు లెక్కన తేలింది. అంతటి చిన్న తేడాను, ఎవరు తెలివైనవారో ముందే తెలిసిన తన చేయి తెలియకుండానే సృష్టిస్తున్నదేమోనని ఆయన తన్ను తాను శంకించుకున్నాడు. ఆ శంకను దాచుకోకుండా అచ్చువేశాడు కూడా. ఈ రంగంలో ఆ తరువాత వచ్చినవారిలో ఇంత నిజాయితీ చాలా అరుదు.

ఆ సమయంలోనే ఇంట్లో తన ఇద్దరు కూతుళ్ళు మదలెన్, ఆలిస్ ఎలా ఆలోచిస్తున్నారో ఓపికగా గమనించాడు. ఒకే ఇంట్లో, ఒకే తల్లిదండ్రుల పెంపకంలో ఉన్న ఇద్దరు పిల్లలూ రెండు భిన్న పద్ధతుల్లో ఆలోచిస్తున్నారని గ్రహించి 1903లో ఒక గ్రంథం రాశాడు. బుద్ధి అంటే ఒక సరళరేఖ కాదన్న తెలివిడి ఆయనకు ఆ ఇంట్లోనే కలిగింది.

ఫ్రాన్సులో 1882 నుండి ప్రాథమిక విద్య నిర్బంధమయింది. బడి ముఖం ఎరుగని కుటుంబాల పిల్లలంతా తరగతుల్లోకి వచ్చారు. వెనుకబడే పిల్లలను ఏం చేయాలనే ప్రశ్న లేచింది. అటువంటివారిని గుర్తించి ప్రత్యేకమైన బోధన అందించే మార్గం సూచించమని 1904లో విద్యామంత్రి ఒక సంఘాన్ని వేశాడు. అందులో బినే సభ్యుడు. పంతులు మాట మీద, వైద్యుని చూపు మీద పిల్లవాణ్ణి వేరుచేస్తే అన్యాయం జరుగుతుందని ఆయన భయం. అల్లరి పిల్లవాణ్ణి వదిలించుకోవడానికి మందమతి అనే పంతులు ఉండవచ్చు. కనుక యువవైద్యుడు థియొడోర్ సిమోన్‌తో కలిసి 1905లో ముప్ఫై అంశాలతో ఒక పరీక్ష తయారుచేశాడు. వెలిగించిన అగ్గిపుల్లను కళ్ళతో వెంబడించడం మొదటి అంశం. విసుగుకూ విచారానికీ తేడా చెప్పడం వంటి సూక్ష్మ విషయాలు చివరి అంశం. 1908లో ఈ అంశాలను వయస్సుల వారీగా అమర్చాడు. ఆరేళ్ళవాళ్ళలో అధికులు చేయగలిగినదెంత, ఏడేళ్ళవాళ్ళు చేయగలిగినదెంత అని చూసి, పిల్లవాడు ఏ మెట్టు దాకా ఎక్కగలిగాడో అదే వాడి మానసిక స్థాయి అన్నాడు. ఎనిమిదేళ్ళవాడు ఆరేళ్ళ మెట్టు మీద ఆగిపోతే వాడికి సాయం కావాలని అర్థం. అంతే. ఆ వెనుకబాటు పుట్టుకతో వచ్చిందా, తిండి లేక వచ్చిందా, బోధన లేక వచ్చిందా అన్నది ఈ పరీక్ష చెప్పదని ఆయనే స్పష్టంగా రాశాడు.

1909లో పిల్లల గురించి రాసిన గ్రంథంలో బినే ఇంకొక అడుగు ముందుకు వేశాడు. బుద్ధి ఇంతే, ఇక పెరగదని తీర్పు చెప్పే పండితుల నిరాశావాదాన్ని తీవ్రంగా ఖండించాడు. తాను విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక పరీక్షాధికారి, నీకు తాత్త్విక దృష్టి ఏనాటికీ అబ్బదని శపించిన ఉదంతాన్ని అందులో గుర్తు చేసుకున్నాడు. వెనుకబడిన పిల్లలకు చదువు చెప్పడానికి ముందు ఎలా నేర్చుకోవాలో నేర్పాలని ఆయన వాదన. కదలకుండా ఒకచోట నిలబడలేని పిల్లలకు బొమ్మలాట పెట్టాడు. సైగ చేయగానే ఎక్కడివారక్కడ శిలల్లా నిలిచిపోవాలి. మొదట క్షణాలు, తరువాత మరికొంచెం సేపు. కొన్ని వస్తువులను ఒక అట్టకు తగిలించి, కాసేపు చూపించి, దాచేసి, పేర్లు రాయమనేవారు. వంకర తిరిగిన ఎముకను సరిచేసే వైద్యం ఉన్నట్లే మనసుకూ అటువంటి వైద్యం ఉండాలంటూ ఈ అభ్యాసాలకు మానసిక ఆర్థోపెడిక్స్ అని పేరు పెట్టాడు. అలా అభ్యాసం చేసిన పిల్లల్లో అవధానం, జ్ఞాపకశక్తి, వివేచన పెరిగితే పెరిగినది బుద్ధి కాక మరేమిటని ఆయన ప్రశ్న. ఆ ఏడాదే ఫ్రాన్సులో వెనుకబడిన పిల్లలకు ప్రత్యేక తరగతులు ఏర్పరిచే చట్టం వచ్చింది. రెండేళ్ళకే, 1911లో, తన యాభైనాలుగో ఏట బినే మరణించాడు. ఇక ఆ పనిముట్టుకు కాపలా లేకపోయింది.

1912లో జర్మన్ మనస్తత్వవేత్త విలియం స్టెర్న్ మానసిక వయస్సును అసలు వయస్సుతో భాగించమన్నాడు. 1916లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లూయిస్ టెర్మన్ పరీక్షను విస్తరించి, ఆ భాగఫలాన్ని నూరుతో గుణించాడు. దాన్నే మన పాఠ్యపుస్తకాలు ప్రజ్ఞాలబ్ధి అంటాయి. మనమందరం ఐక్యూ అంటాం. భాగహారం చిన్నదే గాని దాని ప్రభావం చిన్నది కాదు. ఈ పిల్లవాడు రెండేళ్ళు వెనకబడ్డాడు అంటే, అందుకుంటాడులే అనే ఆశ ఆ మాటలోనే ఉంది. ఈ పిల్లవాడి ఐక్యూ డెబ్భైఅయిదు అంటే అది వాడి ఎత్తులాగా, కంటి రంగులాగా వాడి సొంత లక్షణమైపోయింది.

అమెరికాకు బినే పరీక్షను మొదట తెచ్చినవాడు హెన్రీ గాడర్డ్. న్యూజెర్సీలో మందమతుల శిక్షణాలయంలో పనిచేసేవాడు. బుద్ధిమాంద్యం ఒకే ఒక జన్యు అంశంగా తరతరాలకు సంక్రమిస్తుందని నమ్మి, 1912లో ఒక కుటుంబ చరిత్ర ప్రచురించాడు. 1913లో న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ ద్వీపానికి తన సహాయకులను పంపి, ఓడ దిగిన వలసదారులను పరీక్షింపజేశాడు. రోజుల తరబడి ఓడ అడుగు అంతస్తులో ప్రయాణించి, భాష రాని దేశంలో అడుగుపెట్టిన రైతులకు, చాలామంది ఎన్నడూ పెన్సిలు పట్టనివారికి, దుబాసీల ద్వారా ప్రశ్నలు వేశారు. ఇటాలియన్లలో, యూదుల్లో, హంగేరియన్లలో, రష్యన్లలో దాదాపు అయిదింట నాలుగు వంతులమంది మందమతులని లెక్క తేలింది! ఈ దేశానికి కొత్తగా వచ్చినప్పుడు నేనైనా ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేకపోయేవాణ్ణని ఒక దుబాసీ అన్నాడట. ఆ దుబాసీకున్న ఇంగితం పరీక్షకులకు లేకపోయింది.

మొదటి ప్రపంచయుద్ధంలో రాబర్ట్ యెర్కీస్ నాయకత్వాన పదిహేడు లక్షలమందికి పైగా సైనికులకు పరీక్షలు జరిగాయి. చదువు వచ్చినవారికి ఆల్ఫా, రానివారికి బొమ్మలతో బీటా. ఆల్ఫాలో ఒక ప్రశ్న: క్రిస్కో అంటే మందా, క్రిమిసంహారిణా, పళ్ళపొడా, ఆహారపదార్థమా? అది అమెరికా వంటిళ్ళలో వాడే ఒక రకం కొవ్వుకు వ్యాపారనామం. సిసిలీ నుండి వచ్చిన కూలివాడికి అది తెలియకపోతే లోపం వాడి మెదడులో ఉందని ఎలా అంటాం? బీటాలో వల లేని టెన్నిస్ కోర్టు బొమ్మ ఇచ్చి లోపించినదేమిటో గీయమన్నారు. టెన్నిస్ ఎన్నడూ చూడనివాడు ఏం గీస్తాడు? ఈ లెక్కల ఆధారంగా కార్ల్ బ్రిగమ్ 1923లో ఒక గ్రంథం రాసి, దక్షిణ, తూర్పు యూరపు జాతులు తక్కువ బుద్ధి కలవని ప్రకటించాడు. మరుసటి ఏడు ఆ ప్రాంతాలవారిని బాగా తగ్గించే వలస చట్టం వచ్చింది. చట్టానికి ఈ పరీక్షలు ఎంతవరకు కారణమన్నది చరిత్రకారుల మధ్య వివాదమే. కాని ఆ గాలి వీచడానికి ఇవి తోడ్పడలేదని ఎవరూ అనలేరు. 1930లో బ్రిగమ్ తన నిర్ణయాలకు పునాది లేదని తానే ఒప్పుకున్నాడు. గాడర్డ్ కూడా అంతకుముందే తన అభిప్రాయాలను చాలామటుకు మార్చుకున్నాడు. ఈ ఒప్పుకోళ్ళతో చట్టం మాత్రం మారలేదు.

అదే లెక్కల్ని తీసుకొని 1924లో హొరేస్ మాన్ బాండ్ అనే యువ నల్లజాతి పండితుడు వేరొక కథ చదివాడు. ఇల్లినాయి, న్యూయార్క్ వంటి ఉత్తరాది రాష్ట్రాల నల్లజాతి సైనికుల సగటు, మిసిసిపీ, ఆర్కన్సా వంటి దక్షిణాది రాష్ట్రాల తెల్లవారి సగటు కంటే ఎక్కువ ఉంది. రంగే కారణమైతే ఇది ఎలా సాధ్యం? ఉత్తరాదిలో బడులు మెరుగు కనుక సాధ్యం. అదే ఆయన ఇచ్చిన జవాబు.

ఇక ఈ చరిత్రలో నన్ను అన్నిటికంటే బాధించిన ఘట్టం వర్జీనియాలో జరిగింది. కేరీ బక్ అనే పేద యువతిని, ఆమె తల్లిని బినే పరీక్ష అమెరికన్ రూపంతో కొలిచి మందమతులన్నారు. కేరీకి పుట్టిన పసిబిడ్డ వివియన్‌ను ఏడో నెలలో చూసిన ఒక ఉద్యోగిని, ఈ బిడ్డలో ఏదో తేడా ఉందన్నది. మూడు తరాల మాంద్యం రుజువైనట్లే లెక్క! కేరీకి బలవంతంగా సంతానం కలగకుండా శస్త్రచికిత్స చేయవచ్చునని 1927లో అమెరికా సుప్రీంకోర్టు ఎనిమిది మంది ఆమోదంతో, ఒక్కరి అసమ్మతితో తీర్పు చెప్పింది. చికిత్స జరిగిపోయింది. అటువంటి చట్టాల కింద ఆ దేశంలో అరవై వేలమందికి పైగా బలయ్యారు. మరి వివియన్? ఆ పాప బడికి వెళ్ళింది. 1931లో బాగా చదివే పిల్లల గౌరవ పట్టికలో ఆమె పేరు ఎక్కింది. మరుసటి ఏడు ఎనిమిదేళ్ళ వయసులో జబ్బుతో చనిపోయింది. న్యాయమూర్తుల తీర్పు తప్పని రుజువు చేసే కాగితం ఒక బడి రిజిస్టరులో ఉండిపోయింది.

ఆ కాలంలోనే అయోవా రాష్ట్రంలో, ఎవరూ పథకం వేయకుండానే, ఒక ప్రయోగం జరిగింది. డావెన్‌పోర్ట్ అనాథాశ్రమంలో ఇద్దరు పసిపిల్లలు ఎదుగుదల లేక మూగబొమ్మల్లా ఉండేవారు. వారిని మందమతులైన స్త్రీలుండే సంస్థకు మార్చారు. కొన్ని నెలల తరువాత హెరాల్డ్ స్కీల్స్ అక్కడికి వెళ్ళి చూస్తే, ఆ పిల్లలు గంతులు వేస్తున్నారు, మాట్లాడుతున్నారు. అక్కడి స్త్రీలు వాళ్ళను ఎత్తుకున్నారు, ఆడించారు, ముద్దు చేశారు. వాళ్ళకు ఐక్యూ లేకపోవచ్చు, తీరికా ప్రేమా ఉన్నాయి. స్కీల్స్ మొత్తం పదముగ్గురు పిల్లల్ని అలా పంపాడు. వారి సగటు 64 నుండి 92కు పెరిగింది. ఆశ్రమంలోనే మిగిలిన పన్నెండుమంది మొదట 87 దగ్గర ఉండి 61కి దిగజారారు. 1939లో ఈ ఫలితాలు ప్రకటించగానే టెర్మన్ వర్గం ఎగతాళి చేసింది. పిల్లలు కొద్దిమందే, పద్ధతిలో లోపాలున్నాయి అన్నమాట నిజమే. కాని స్కీల్స్ పాతికేళ్ళ తరువాత ఆ పిల్లల్ని వెతికి పట్టుకున్నాడు. 1966లో ప్రచురించిన వివరాల ప్రకారం ఆ పదముగ్గురూ తమ కాళ్ళ మీద తాము నిలబడ్డారు. వారిలో సగటువాడు పన్నెండో తరగతి దాకా చదివాడు. రెండో గుంపులో సగటువాడు మూడో తరగతి కూడా దాటలేదు. 1968లో స్కీల్స్‌కు, ఆయన సహచరి మేరీ స్కోడాక్‌కు ఒక పురస్కారం ఇచ్చారు. దాన్ని వేదిక మీద అందించినవాడు ఆ పదముగ్గురిలో ఒకడు.

ఇంగ్లండులో సిరిల్ బర్ట్ కథ వేరు. వేర్వేరు ఇళ్ళలో పెరిగిన కవలల ఐక్యూలు ఎంతగా కలుస్తాయో కొలిచి, బుద్ధి ప్రధానంగా వంశపారంపర్యమని చెప్పాడు. ఆయన 1971లో మరణించాడు. కవలల సంఖ్య ఇరవై ఒకటి నుండి యాభైమూడుకు పెరిగినా సహసంబంధ గుణకం 0.771గా మూడో దశాంశం దాకా మారకుండా ఉన్నదని 1974లో లియోన్ కామిన్ ఎత్తిచూపాడు. అది మోసమా, నిర్లక్ష్యమా అని నేటికీ వాదించేవారున్నారు. ఆ లెక్కలను మాత్రం ఎవరూ నమ్మరు.

అలాగని జన్యువులకు ఏ పాత్రా లేదనడం కూడా తప్పే. బర్ట్‌ను పక్కన పెట్టినా, నిజాయితీగా జరిగిన కవలల అధ్యయనాలు మనుషుల మధ్య బుద్ధి వ్యత్యాసాలలో జన్యువుల పాలు గణనీయమనే చెబుతున్నాయి. పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, పుట్టుకతో వచ్చినది మారదని అనుకోవడంలో. ఫినైల్‌కీటోన్యూరియా అనే వ్యాధి పూర్తిగా జన్యుపరమైనది. గుర్తించకపోతే బిడ్డకు తీవ్రమైన బుద్ధిమాంద్యం వస్తుంది. దాన్ని 1934లో కనుగొన్నారు. 1950ల నుండి, ఆహారంలో ఒక పదార్థాన్ని తగ్గిస్తే ఆ మాంద్యం రాకుండా ఆపవచ్చునని తెలిసింది. జన్యువు మారలేదు, తిండి మారింది, తలరాత మారింది. జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ 1970లో ఒక పోలిక చెప్పాడు. ఒకే సంచిలోని విత్తనాలను సారవంతమైన మడిలో సగం, చవుడు నేలలో సగం చల్లండి. ఒక్కొక్క మడి లోపల మొక్కల ఎత్తులో తేడాలు విత్తనాల వల్లనే. రెండు మళ్ళ మధ్య తేడా మాత్రం పూర్తిగా నేల వల్లనే. ఈ సంగతి ఏ రైతునడిగినా చెబుతాడు.

జేమ్స్ ఫ్లిన్ 1984లోను, 1987లోను ప్రచురించిన పరిశోధనలు ఈ వివాదాన్ని మరో మలుపు తిప్పాయి. ఇరవయ్యో శతాబ్దంలో అనేక దేశాల్లో ఐక్యూ మార్కులు దశాబ్దానికి సుమారు మూడు చొప్పున పెరిగాయి. ఒకటి రెండు తరాల్లో జన్యువులు అంతగా మారవు. నార్వేలో నిర్బంధ విద్యను ఏడేళ్ళ నుండి తొమ్మిదేళ్ళకు పెంచినప్పుడు, అదనంగా చదివిన ఒక్కొక్క ఏడాదికీ యువకుల మార్కులు సుమారు 3.7 పెరిగాయని 2012లో తేలింది. ఆరు లక్షలకు పైగా మనుషుల వివరాలను క్రోడీకరించిన 2018 నాటి విశ్లేషణ ఒక ఏడాది చదువు ఒకటి నుండి అయిదు మార్కుల దాకా పెంచుతుందన్నది. పెరిగినది బుద్ధి మొత్తమా, లేక అందులోని కొన్ని నైపుణ్యాలా అన్న చర్చ ఇంకా ఉంది. బినే బతికి ఉంటే ఆ రెంటికీ తేడా ఏమిటని అడిగి ఉండేవాడు.

మన భాష కూడా బినే పక్షమే అనిపిస్తుంది నాకు. తెలియు అన్న క్రియ నుండి తెలివి పుట్టింది. మూర్ఛపోయినవాడు లేచి కూర్చుంటే తెలివి వచ్చిందంటాం. అంటే తెలివి వచ్చేది, పోయేది, తెప్పించగలిగేది. తెలివితేటలు అన్నప్పుడు తేట అనేది బురద నీరు పేరుకున్నాక మిగిలే నిర్మలత్వం. చిల్లగింజ అరగదీసి కలిపితే నీరు తేటపడుతుందని మన అమ్మమ్మలకు తెలుసు. కడవలో నీళ్ళు బురదగా ఉన్నాయని వాళ్ళు పారబోయలేదు.

బినే పరీక్ష మన దేశానికీ వచ్చింది. కన్నడ, మరాఠీ పిల్లల కోసం వి.వి. కామత్ దాన్ని మలిచి 1940లో గ్రంథం ప్రచురించారు. సాయం అవసరమైన పిల్లల్ని గుర్తించడానికి అది మన ఆస్పత్రుల్లో ఎంతగానో పనికివచ్చింది. అది బినే కోరిన పనే. కాని పరీక్ష లేకుండానే మనం ఐక్యూలు కట్టేస్తున్నాం. ర్యాంకుల వారీగా సెక్షన్లు విడగొట్టి, మంచి అధ్యాపకుల్ని మొదటి సెక్షనుకే పంపి, ఏడాది చివర చూశారా మేము ముందే చెప్పలేదా అనే విద్యాసంస్థలు తెలుగునాట కొల్లలు. అయోవాలో రెండు గుంపులకు జరిగినదే ఇక్కడ ఫీజు పుచ్చుకొని జరుపుతున్నారు.

నా స్నేహితుడి దగ్గరికి మళ్ళీ వస్తాను. వాడు ఏమయ్యేవాడో నాకు తెలియదు. పండితుడయ్యేవాడని నేననను, కాకపోయి ఉండవచ్చు కూడా. పిల్లలందరూ సమానమని బినే కూడా అనలేదు. వెనుకబడిన పిల్లవాణ్ణి కనిపెట్టిన తరువాత చేయవలసిన పని మొదలవుతుందన్నాడు. మా పంతులుగారి దృష్టిలో కనిపెట్టడంతోనే పని అయిపోయేది. ఇద్దరి మధ్యా ఉన్న తేడా ఇంతే. కాని ఆ తేడాలో ఒక పిల్లవాడి ఆరో తరగతి పోయింది.

మట్టిబుర్ర అన్నది తిట్టుగానే పుట్టి ఉంటుంది. కాని విత్తనం మొలిచేది మట్టిలోనే కదా.